బలపరచినవారు: శ్రీమతి వరదమ్మ

నాగనకుప్పం వరదమ్మ సంతకం పెట్టడం నేర్చుకున్న ఏడాది నుంచి ఇప్పటిదాకా ఎన్ని తీర్మానాలను బలపరిచిందో ఆమెకే తెలియదు. పొదుపు సంఘంలో మొదలైంది అది. సంఘం లీడరుగా ఉన్న అంగన్‌వాడీ టీచరు తీర్మానం రాసి, కింద 'ప్రతిపాదించినవారు' అన్నచోట తన పేరు రాసుకుని, 'బలపరచినవారు' అన్నచోటికి వచ్చేసరికి తలెత్తి చూసేది. ఎదురుగా చాప మీద మొదటి వరసలో వరదమ్మ కూర్చుని ఉండేది. ఆ పేరే రాసేసేది. తర్వాత బడి కమిటీలోనూ అంతే. నీటి సంఘంలోనూ, గంగమ్మ జాతర కమిటీలోనూ అంతే. బడి వంటగదికి రేకులు వేయించాలన్నా, బోరు మోటారు మార్చాలన్నా, జాతరకు పలకలు వాయించేవాళ్లను పిలవాలన్నా, ముందు ఎవరో ఒకరు ప్రతిపాదించేవారు, వెనకనే వరదమ్మ బలపరిచేది.

ఆమెకు అది ఇష్టంగానే ఉండేది. తీర్మానాల పుస్తకం ఎక్కడ కనిపించినా తెరిచి, తన పేరు వెతుక్కుని, ఉందని చూసుకుని మూసేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి తన పేరు ముందు 'శ్రీమతి' అని ఇంకొకరు రాయడం చిన్న సంగతి కాదు.

మొగుడు మునిప్రసాద్ మాత్రం ఎగతాళి చేసేవాడు.

"ఊళ్లో అందరి మాటా బలపరుస్తావు. పెండ్లయి ముప్పై ఏండ్లయింది, నా మాట ఒగటన్నా బలపరిచినావా?"

"ముందు నువ్వు పుస్తకంలో రాయించుకోని రా. అప్పుడు సూస్తాం" అనేది వరదమ్మ.

రెండేళ్ల కిందట ఆమెను పాల కంపెనీకి డైరెక్టరుగా ఎన్నుకున్నారు. కాళంగి మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ అని దాని పూర్తి పేరు. తొమ్మిది ఊళ్లు, ఊరికొక పాలకేంద్రం, ఊరికొక డైరెక్టరమ్మ. సత్యవేడులో ఎరువుల అంగడి పైన రెండు గదుల ఆఫీసు. రెండు నెలలకోసారి బోర్డు మీటింగు.

ఆ మీటింగుకు ఒక పద్ధతి ఉంది. తీర్మానాలు మీటింగుకు ముందే పుస్తకంలో రాసేసి ఉంటాయి. మీటింగయ్యాక రాస్తూ కూర్చుంటే ఆడవాళ్లకు బస్సులు తప్పిపోతాయి, సాయంత్రం ఆవుల్ని పిండే వేళ దాటిపోతుంది. అందుకని ఆఫీసు రాతకోతలు చూసే రాజారత్నం రెండు రోజుల ముందే ఎజెండా దగ్గర పెట్టుకుని అన్నీ రాసి ఉంచుతాడు. డైరెక్టర్లు ఒక్కొక్కరే మెట్లెక్కి రాగానే సంతకాలు పెట్టి, కాఫీ తాగి, ఆ తర్వాత మాట్లాడుకుంటారు. ఇందులో తప్పుందని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. పెళ్లికి ముందు శుభలేఖ అచ్చు వేయించమా, ఇదీ అంతే.

ఆ ఏప్రిల్ నెల మీటింగుకు కూడా వరదమ్మ అందరికంటే ముందు వచ్చింది. పది దాటలేదు, అప్పటికే మెట్ల కడ్డీ చెయ్యి పెడితే కాలుతోంది. రాజారత్నం పుస్తకం ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు. ఆమె అలవాటు ప్రకారం పేజీ తిప్పి తన పేరు వెతుక్కుంది. మొదటి తీర్మానం కింద ఉంది. మూడోదాని కింద ఉంది. ఆరోదాని కింద కూడా ఉంది. ఆరోది రెండు వరసలకు బదులు అయిదు వరసలుంది కాబట్టి, ఇంత పొడుగు ఏం బలపరిచానబ్బా అని పైకి వెళ్లి చదివింది.

"కేంద్రాల హేతుబద్ధీకరణలో భాగంగా, పాలసేకరణ తగ్గిన నాగనకుప్పం శీతలీకరణ కేంద్రమును జూన్ ఒకటవ తేదీ నుండి మూసివేసి, అచ్చటి ఉదయపు పాలను ఆటో ద్వారా పూడికుప్పం కేంద్రమునకు తరలించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు: శ్రీమతి జ్ఞానాంబ. బలపరచినవారు: శ్రీమతి వరదమ్మ."

మళ్లీ చదివింది. అక్షరాలు మారలేదు.

నాగనకుప్పంలో పాలు చల్లబరిచే ఆ కూలరు రాకముందు సంగతి ఆమెకు గుర్తుంది. ఎండాకాలం సాయంత్రం పాలు ఊరు దాటేలోపే విరిగేవి. పిండిన పాలు పిల్లలకు పోసి, పెరుగు తోడేసి, మిగిలింది కుడితి తొట్టిలో పోసేవాళ్లు. కూలరు వచ్చాకనే రెండు పూటల పాలకూ విలువ వచ్చింది. దాన్ని చూసుకునే ఊళ్లో అరవై ఇళ్లు రెండో ఆవును కట్టుకున్నాయి. ఇప్పుడు కూలరు పోతే సాయంత్రం పాలు పోయినట్టే. రెండో ఆవు ఎందుకు? కూలరు ఎందుకు పోయిందంటే, వరదమ్మ బలపరిచింది కాబట్టి. పుస్తకంలో ఉంటుంది, సంతకంతో సహా.

"రాజారత్నం, ఇదేంది?"

"ఏదక్కా?"

"ఆరోది."

అతడు కళ్లద్దాలు దింపి చూశాడు. "ఎజెండా పంపినాం కదక్కా వాట్సాప్‌లో. కేంద్రాల హేతుబద్ధీకరణ అని."

"నేను అది కేంద్రాలకు రంగులేసేది అనుకున్నాను. మా కోడలు గూడా అట్లనే అన్నింది."

"మూసేది అని రాస్తే బాగుండదని మేనేజరు సార్ ఆ మాట ఎయ్యమన్నాడు."

"సరే. నేనెప్పుడు బలపరిచినాను దీన్ని?"

రాజారత్నం ఆమె వంక వింతగా చూశాడు. "ఎప్పుడూ నువ్వే కదక్కా బలపరిచేది. చెయ్యి దానంతటదే రాసేసింది."

అతడి గొంతులో ఏ కుట్రా లేదు. అదే ఆమెను ఎక్కువ కుదిపింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"సంతకం పెట్టక్కా."

"తర్వాత పెడతా."

"కొట్టివేతలు పడితే పుస్తకం గలీజైపోతాదక్కా. ఆడిటరు అడుగుతాడు."

"అడగనీ."

మిగతావాళ్లు రావడం మొదలైంది. పూడికుప్పం జ్ఞానాంబ మెట్లెక్కి రొప్పుతూ వచ్చి, నిలబడే సంతకం గీకేసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏం వదినా, పెండ్లికూతురు మాదిరి మూలన కూసున్నావు?"

"ఆరో తీర్మానం నువ్వు ప్రతిపాదించినావంట. సూసినావా?"

"నేనా?" జ్ఞానాంబ వేలితో వరసలు తాకుతూ చదివింది. "మీ ఊరి పాలు మా ఊరికి వస్తాయంట. మంచిదే కదా" అని నవ్వబోయి, వరదమ్మ మొహం చూసి ఆగిపోయింది. కాఫీ దగ్గరికి వెళ్లింది.

ఇంకా పావుగంట ఉంది. ఏం చెయ్యాలో వరదమ్మకు తెలియదుగానీ, ఏం చేసినా ఒక్కదాని వల్ల కాదని తెలుసు. ప్రతిపాదించేవాళ్లుంటే బలపరిచేవాళ్లుండాలి. ఆమెకంటే బాగా ఆ సంగతి ఎవరికి తెలుసు? కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరున్న ఇంకో ఊరి డైరెక్టరు కృపామణి పక్కకు వెళ్లింది.

"కృపా, నేనొకటి ప్రతిపాదిస్తే బలపరుస్తావా?"

కృపామణి గొంతు తగ్గించింది. "మా కూలరు గూడా సగమే నిండతా ఉండాది పిన్నీ. నేను నోరు తెరిస్తే నీ ఊరి పేరు తీసి మా ఊరి పేరు రాస్తారు."

ఇంకొకామెను అడిగితే నవ్వేసింది. "బలపరిచేది నీ పని కదక్కా, మాకేం తెలుసు?"

మీటింగు మొదలైంది. అధ్యక్షురాలు భారతమ్మ మాటల్ని పొదుపుగా వాడే మనిషి. పదిహేను ఎకరాల మామిడితోట, ఇరవై ఆవులు ఒంటిచేత్తో చూసుకుంటుంది, మీటింగును కూడా అట్లాగే నడుపుతుంది. ఒకటి, రెండు, మూడు, చకచకా దాటిపోయాయి. నాలుగు దాణా గురించి. అయిదు ఇన్సూరెన్సు గురించి. ఒక్కో అంశం అయిపోతుంటే వరదమ్మకు తానెక్కాల్సిన బస్సు కొండ మలుపు తిరిగి వస్తున్నట్టుంది.

ఆరోది మేనేజరు గిరిప్రసాద్ చెప్పాడు. తిరుపతిలో డెయిరీ చదువు చదివిన కుర్రవాడే, మాట మెత్తన. "నాగనకుప్పం కూలరు వెయ్యి లీటర్లది. మార్చిలో రోజుకు నాలుగు వందలు గూడా రాలేదు. సగం నిండని కూలరును నడపలేమమ్మా. నాకూ బాధగానే ఉండాది."

"అందరికీ సమ్మతమే కదా" అంది భారతమ్మ. ఆమె చెయ్యి అప్పటికే ఏడో కాగితం మీద ఉంది.

కుర్చీ నేల మీద కీచుమంది. ఆ గదిలో నిలబడి మాట్లాడిన వాళ్లు లేరు. తాను నిలబడినట్టు వరదమ్మకు అందరూ తలెత్తాకగాని తెలియలేదు.

"నేను దీన్ని బలపరచలేదు."

"రాసుండాది కదమ్మా."

"రాసుండాది. నేను బలపరచలేదు."

భారతమ్మ రాజారత్నం వైపు చూసింది. అతడు పుస్తకంలోకి చూశాడు.

"పర్వాలేదు మేడం, ఇంకొకరి పేరు రాసుకుందాం" అన్నాడు గిరిప్రసాద్.

"ఉండు." భారతమ్మ ఏడో కాగితం మీంచి చెయ్యి తీసింది. "వద్దంటే చాలదు వరదమ్మా. పాలు తగ్గినాయి కదా, దానికేం చేద్దామంటావు?"

ఇక తప్పించుకునే దారి లేదు.

"నేనొకటి ప్రతిపాదిస్తా ఉండాను."

ఆ మాట చెవిన పడగానే రాజారత్నం చేతిలో పెన్ను దానంతటదే లేచింది.

"మా ఊళ్లో ఆవులు తగ్గలేదు. పాలు తగ్గలేదు. బస్సొచ్చింది. శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సు. పోయిన దసరా నుంచి మా ఊరికి తెల్లారి అయిదుకు వస్తాది. కేంద్రం తెరిచేది అయిదున్నరకు. ఇరవై ఆరు మంది ఆడోళ్లు ఆ బస్సెక్కుతారు, నేను రోజూ సూస్తాను. వాళ్లు అయిదున్నరదాకా యాడుంటారు? నాలుగున్నరకు పాలు కొనే బండోడొకడు బస్టాపు కాడికే క్యాన్లు తెచ్చుకోని నిలబడతాడు. వానికి పోసి బస్సెక్కుతారు. పొద్దున వానికి పోసినోళ్లు సాయంత్రం మనకు పోస్తారా? రెండు పూటలా వానికే."

గిరిప్రసాద్ ముందుకు వంగాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"ఎవరన్నా ప్రతిపాదిస్తే కదా సార్ నేను మాట్లాడేది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వరదమ్మ నవ్వలేదు. ఆగితే మళ్లీ మాట రాదని ఆమెకు భయం.

"కేంద్రం తెల్లారి నాలుగుంపావుకు తెరవాల. మూడు నెలలు సూడాల. ఏడు వందల లీటర్లకు రాకపోతే మూసేద్దురు. అప్పుడు ఆ తీర్మానాన్ని నేనే బలపరుస్తా."

"నాలుగుంపావుకు తెరిచేదెవరు? పాలు పట్టే మనిషి రానంటాడు" అంది భారతమ్మ.

"తాళంచెవి నాకియ్యండి."

"మిషను మీద వెన్న శాతం సూసేది?"

"నేర్చుకుంటా. సంతకం నేర్చుకోలేదా?"

గిరిప్రసాద్ కాగితాలు తిరగేశాడు. "ఆలోచన బాగుండాది. కానీ మేడం, ఇది ఎజెండాలో లేదు. మళ్లీ మీటింగుకు పెట్టుకుందాం."

మళ్లీ మీటింగు జూన్‌లో. జూన్ ఒకటిన కూలరును లారీ ఎక్కిస్తారు. వరదమ్మ నిలబడ్డ చోటనే బల్ల అంచు పట్టుకుంది.

అప్పుడు రాజారత్నం గొంతు సవరించుకున్నాడు. ఆ బల్ల దగ్గర అతడు తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"ఇది కొత్త అంశం కాదు సార్. ఆరో అంశానికి సవరణ. జిల్లా పరిషత్తులో ముప్పై ఏండ్లు తీర్మానాలు రాసినోణ్ణి, ఇట్లాంటివి ఎన్ని రాయలేదు? ప్రతిపాదించేవాళ్లు ఒకరు, బలపరిచేవాళ్లు ఒకరు ఉంటే ఓటుకు పెట్టాల్సిందే." తర్వాత వరదమ్మ వైపు చూడకుండా అన్నాడు. "బలపరిచేవాళ్లు లేకపోతే ఆడికే రాలిపోతాది."

"ఎవరు బలపరుస్తారు?" అడిగింది భారతమ్మ.

వరదమ్మ ఒక్కొక్క మొహం చూసింది. ఈమె ఊరికి తూకం మిషను తాను బలపరిచింది. ఆమె ఊరికి షెడ్డు తాను బలపరిచింది. కృపామణి ఊరి బోరుకు కూడా. ఎవరికీ గుర్తు చెయ్యాలనిపించలేదు. అందరూ బల్ల మీదున్న నీళ్ల గ్లాసుల్లోకే చూస్తున్నారు. ఇంతమందికి ఇన్నిసార్లు ఆసరాగా నిలిచిన పేరు, ఈ ఒక్క రోజు ఒంటరిగా నిలబడి ఉంది.

"ఇంక ఎవరూ లేకపోతే..." అని భారతమ్మ అంటుండగా జ్ఞానాంబ దగ్గింది.

"ఆ బస్సు మా ఊరికి నాలుగుముక్కాలుకే వస్తాది."

అందరూ తిరిగారు. జ్ఞానాంబ చేతిలోని రుమాలును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పింది.

"మా కోడలు దాంట్లోనే పనికి పోతాది. మా ఇంట్లో ఆవుల్ని పిండేది ఆమె. నాకు మోకాళ్లు వంగవు." ఆగింది. "రెండు నెలలుగా మా ఇంటి పాలే కంపెనీకి రావడం లేదు. మా ఊళ్లో నిలబడే బండోడికే పోతా ఉండాయి. మీ కేంద్రం తెరిచేదాకా నేను నిలబడితే నా జీతం నువ్విస్తావా అత్తా అంటాది. ఏం చెప్పేది? సూసీ సూడనట్టు ఉండాను."

కంపెనీకి పాలు పొయ్యని ఇంటి మనిషి డైరెక్టరుగా ఉండకూడదన్న సంగతి బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. భారతమ్మ కనుబొమలు పైకి లేచాయి. ఆ కనుబొమలు దిగేలోపే చివరి కుర్చీలోంచి ఇంకో గొంతు వచ్చింది.

"మా ఇంట్లో గూడా ఒగ ఆవు పాలు అట్లనే పోతా ఉండాయి."

"నీవి గూడానా?" అంది పక్కనామె. నవ్వు బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది.

జ్ఞానాంబ నవ్వలేదు. రాజారత్నం వైపు వేలు చూపింది. "రాయి. బలపరచినవారు జ్ఞానాంబ. పైన ప్రతిపాదించినవారని నా పేరు వేసినావే, ఆడ కొట్టెయ్. నేను దాన్ని రోంత గూడా ప్రతిపాదించలే."

వరదమ్మ కూర్చోవచ్చునో లేదో తెలియక అట్లాగే నిలబడింది.

గిరిప్రసాద్ కుర్చీలోంచి లేచి గోడ మీది ఊళ్ల పటం దగ్గరికి వెళ్లాడు. "ఆ బస్సు ఇంకా ఏయే ఊళ్ల మీదుగా పోతాదమ్మా?" అని అడిగాడు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెప్పారు. అతడు పెన్సిలుతో ఊరి తర్వాత ఊరు సున్నా చుట్టుకుంటూ పోయాడు. పాలు తగ్గిన ఊళ్లన్నీ ఆ బస్సు దారిలోనే ఉన్నాయి. తిరిగి వచ్చి కూర్చుంటూ, "ఎండలకు తగ్గినాయని పై వాళ్లకు రిపోర్టు రాసినాను నేను" అన్నాడు నెమ్మదిగా.

"చేతులెత్తండి" అంది భారతమ్మ.

జ్ఞానాంబ చెయ్యి ముందే లేచి ఉంది. చివరి కుర్చీ చెయ్యి. ఇంకో రెండు. వరదమ్మ తన చెయ్యి ఎత్తడం మరిచిపోతే జ్ఞానాంబ మోచేత్తో పొడిచింది. అయిదు. కృపామణి ఎటూ ఎత్తలేదు. పాలు మోసే ఆటో బాడుగ తమ ఊరివాళ్లకు దొరుకుతుందనుకున్న ఇద్దరు వద్దన్నారు. అందరూ భారతమ్మ వైపు చూశారు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఆరో చెయ్యి ఎత్తింది.

"ఎట్లా రాసేది మేడం? ఏకగ్రీవం అని వేసేదానికి లేదే" అన్నాడు రాజారత్నం. అడుగుతున్నాడేగాని మొహం వెలిగిపోతోంది.

"జరిగింది జరిగినట్టు రాయి."

అతడు సొరుగులోంచి స్కేలు తీశాడు. పాత తీర్మానం మీద ఎర్ర సిరాతో అయిదు గీతలు, ఒక్కటీ వంకర పోకుండా, తీరిగ్గా గీశాడు. పక్కన సవరణ రాసి పైకి చదివాడు. "...ఆరుగురు అనుకూలముగాను, ఇద్దరు వ్యతిరేకముగాను, ఒకరు తటస్థముగాను ఉన్నందున సవరణ ఆమోదించడమైనది." చదివి, "పరిషత్తు వదిలినాక ఈ మాట రాసేది ఇదే మొదలు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

ఆ రోజు మొదటిసారి, మీటింగు తర్వాత సంతకాలయ్యాయి. ముందే సంతకం పెట్టినవాళ్లు ఎర్రగీతల పక్కన మళ్లీ పొట్టి సంతకాలు పెట్టారు, ఈసారి చదివి. పుస్తకం వరదమ్మ ముందుకు వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె కళ్లు 'బలపరచినవారు' అన్నచోటికే వెళ్లాయి. అక్కడ తన పేరు లేదు. ఒక్క క్షణం కంగారుపడి, పై వరస చూసింది. సంతకం పెట్టింది. ఎప్పటికంటే కొంచెం పెద్దదిగా పడింది, గీత దాటింది.

గిరిప్రసాద్ తాళంచెవి చేతిలో పెట్టి, మిషను నేర్పడానికి మనిషిని సాయంత్రమే పంపుతానన్నాడు. మెట్లు దిగుతూనే ఆమె ఇంటికి ఫోను చేసింది.

"గడియారంలో అలారం నాలుక్కి పెట్టు."

"ఎందుకే?" అన్నాడు మునిప్రసాద్.

"కేంద్రం నాలుగుంపావుకు తెరుస్తారు."

"ఎవరు సెప్పినారు?"

"నేనే ప్రతిపాదించినాను. తీర్మానం అయిపోయింది."

"అయితే మూడున్నరకు పెడతా" అన్నాడు. "నువ్వు లేసి కూసునేదానికే అరగంట పడతాది."

బస్సులో ఆమెకు సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. కడ్డీ పట్టుకుని ఇరవై ఆరు పేర్లూ మనసులో తిప్పుకుంటూ వచ్చింది. ముందు ఎవరికి చెప్పాలి, ఎవరికి చెబితే నలుగురికి చేరుతుంది, ఎవరు బండోడి మాట వదలరు, మూడు నెలలంటే తొంభై తెల్లవార్లు. ఊళ్లోకి వెళ్లే సందు దగ్గర దిగకుండా రోడ్డు మీది స్టాపులో దిగింది. పొద్దున షిఫ్టు వాళ్లను తిరిగి తెచ్చే బస్సు వేళైంది. చింతచెట్టు కింద బండోడు పొద్దున బండి నిలబెట్టే చోట, క్యాన్ల అడుగుల గుండ్రటి గుర్తులు ఇంకా మట్టిలో ఉన్నాయి. ఆమె సరిగ్గా అక్కడే నిలబడింది.

బస్సు ఆగింది. ముందుగా ఆ ఇరవై ఆరు మందిలో ఒకతైన నవీన దిగింది, నీలం యూనిఫాం మీద చున్నీ సర్దుకుంటూ.

"ఏం పెద్దమ్మా, ఎండలో నిలబడినావు?"

వరదమ్మ పిడికిలి విప్పింది. అరచేతిలో తాళంచెవి చెమటకు తడిసి మెరుస్తోంది.

"రేపు పాలు బండోడికి పొయ్యొద్దు. నాలుగుంపావుకు కేంద్రం తెరిసుంటాది" అంది. నవీన వెనక ఇంకా దిగుతున్నవాళ్లకు కూడా వినిపించాలని, గొంతు పెంచి మళ్లీ చెప్పింది. "నాలుగుంపావుకు. నేను ఉంటాను."